పాతర మరిచిపోయిన అవ్వ

మొన్న కళ్లజోడు కనపడక ఇల్లంతా వెతికాను. దిండు కింద చూశాను, బియ్యం డబ్బా మీద చూశాను, బాత్రూము కిటికీలో కూడా చూశాను. చివరికి అది నా నెత్తినే ఉంది. మా అమ్మాయి ఫ్యాక్టరీకి పోయే తొందరలో టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, "అవ్వ పాతర అయిపోయినావే అమ్మా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మా ఇంట్లో ఈ మాట పాతది. ఎవరు ఏది మరిచిపోయినా అవ్వ పాతర అంటారు. పాలు పొంగిపోతే అవ్వ పాతర, బండి తాళం పోతే అవ్వ పాతర. విన్న ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. అయినా ఇన్నేళ్లూ నోరు మూసుకునే ఉన్నాను.

ఆ రోజు మాత్రం మనవరాలు నన్ను పట్టుకుంది. దానికి బడిలో మన జిల్లా చరిత్ర రాసుకు రమ్మని ప్రాజెక్టు ఇచ్చారట. ఫోనులో చూసి సగం రాసేసింది కూడా. కోటలు కట్టినవాళ్లు, కూల్చినవాళ్లు, మామిడి తోటలు, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం, ఆ తర్వాత ఫ్యాక్టరీలు, అన్నీ వరుసగా ఉన్నాయి. ఇంకొక్క పేజీ మిగిలిందట.

"మన ఊరిది ఏమన్నా చెప్పు అమ్మమ్మా. అవ్వ పాతర, అవ్వ పాతర అంటారు గదా, అసలు పాతర అంటే ఏంది?"

పాతర అంటే ఏమిటో కూడా తెలియకుండా ఇంతకాలం ఆ మాట అనేస్తున్నారు చూడండి. నాకు కోపం వచ్చింది. కూర్చోమన్నాను.

మేమిప్పుడు ఉండేది హోసూరు పక్క మూకండపల్లిలో, మూడో అంతస్తులో. మా ఊరు ఇక్కడికి దూరమేమీ కాదు, షేర్ ఆటోలో పోవచ్చు. పోతే ఊరే ఉండదు. మా కళ్లాలు ఉన్న గట్టు మీద ఇప్పుడు లారీలు నిలబెడుతున్నారు. నేను చెప్పేది ఆ గట్టు సంగతే.

మాది గరుసు నేల, నీళ్లు నిలవవు. వరి మాకు పండగ మాట. మిగతా రోజులన్నీ రాగులే. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి, రాత్రికి పొద్దుటి సంగటి. చలికాలం వస్తే మాత్రం మా గొప్ప మాదే. అనపకాయలు కోతకొచ్చి, వీధి వీధంతా ఆ కాయల జిడ్డు వాసన కొట్టేది. చేతులకు అంటిన ఆ వాసన కడుక్కోబుద్ధి అయ్యేది కాదు. అనపగింజల పులుసులో వేడి సంగటి ముద్ద ముంచుకొని తింటుంటే ఎవరైనా పిలిచినా పలికేవాళ్లం కాదు.

రాగులు దాచడానికి మాకు గాదెలు ఉండేవి కావు. భూమిలోనే దాచేవాళ్లు. గట్టు నేల మీద మనిషి లోతున గుంత తవ్వుతారు. కుండ మాదిరి, మూతి ఇరుకు, కడుపు వెడల్పు. లోపల గడ్డి పరిచి, రాగులు పోసి, మూతికి బండ పెట్టి, మట్టి మెత్తి, పైన పేడతో అలికేస్తారు. అదే పాతర. దాని మీదే మళ్లీ కళ్లం తొక్కిస్తారు. రాగికి పురుగు పట్టదు. ఏళ్ల తరబడి లోపలున్నా గింజ చెడదు.

పాతరకు గుర్తు పెట్టరు. గుర్తు పెడితే దొంగకు దారి చూపినట్టే కదా. అది ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే తెలియాలి. ఆ ఒక్కరు పోయేముందు ఇంకొక్కరి చెవిలో చెప్పాలి. చెవిలోనే, గట్టిగా కాదు. గోడకు చెవులుంటాయంటారు కదా, మా వాళ్లు గోడ లేని చోట కూడా చెవిలోనే చెప్పేవాళ్లు. మా తాత పోతూ పోతూ మా అవ్వ చెవిలో చెప్పాడు.

మా అవ్వ అంటే ఊరి మొత్తానికీ అవ్వ. ఒక్క అక్షరం రాదు గానీ ఆమెకు గుర్తులేని సంగతి ఊర్లో లేదు. ఎవరి గట్టు ఎక్కడిదాకా, ఎవరి బిడ్డ ఏ వానలో పుట్టింది, ఏ ఇంటివాళ్లు ఏ కరువులో ఏ దిక్కు నుంచి వచ్చారు, ఎవరికి ఎవరు మేనమామ వరుస, అన్నీ నోటిమీదే. ఒకసారి అన్నదమ్ములిద్దరు గట్టు కోసం గుద్దులాడుకొని పెదవులు చితికి మా వాకిట్లోకి వచ్చారు. అవ్వ చేట దించకుండానే చెప్పింది.

"ఆ చింతచెట్టు మీ తాత నాటిన నాడు నేను కొత్త పెండ్లికూతుర్ని. నీళ్లు పోసింది నేనే. చెట్టు గట్టుకు ఇవతల ఉండింది, అవతల కాదు. పోయి మొగం కడుక్కోండి."

ఇద్దరూ పోయి మొహాలు కడుక్కున్నారు. అవ్వ చెప్పిందంటే అది రిజిస్టరు ఆఫీసు కంటే గట్టి.

మా పూర్వం సంగతి అడిగితే అవ్వ ఎప్పుడూ ఒకటే చెప్పేది. "మన పెద్దోళ్లు గొర్రెలు తోలుకోని ఎట్లనో పోతా ఈడ గడ్డి చూసి ఒక పూట నిలిచినారు. ఆ పూట ఇంగా అయిపోలేదు." మనవరాలి ప్రాజెక్టులో కోటలు కట్టినవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి గానీ ఈ ముక్క లేదు.

ఆ ఇంట్లో మేం నలుగురం. అవ్వ, చిన్నాయన, చిన్నమ్మ, నేను. మా అమ్మానాన్నలు రాళ్లు కొట్టే పనికి బెంగుళూరు పోయారు. ఏడాదిలో వస్తామని నన్ను అవ్వ దగ్గర వదిలి, మూడేళ్లయినా చుట్టపుచూపుగా రావడమే. చిన్నాయన మందను మేపేవాడు. ఒక్కొక్క గొర్రెకూ పేరు పెట్టి పిలిచేవాడు. చిన్నమ్మ పుట్టినూరు కల్లావి. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదని ఊరి ఆడవాళ్లు ఆమె ఎదుటే గుసగుసలు పోయేవాళ్లు. వాళ్ల గుసగుసలు వీధి చివరిదాకా వినిపించేవి.

ఇంక నా నిర్వాకం చెబుతాను.

హోసూరు కొండ మీది దేవుడి తేరు చూసి వచ్చిన మరునాడు మాక్కూడా తేరు కావాలనిపించింది. మాకు అంటే నాకూ, పక్కింటి అక్కాచెల్లెళ్లకూ. తేరుకు పాత చేట దొరికింది, తాడు దొరికింది. దేవుడే తక్కువ. మా కళ్లం అంచున ఒక గుండ్రాయి ఉండేది. మోకాలెత్తు, నున్నగా, నెత్తిన ఒక చిన్న గుంట. గంపలు దించుకోవడానికి ఎవరో ఎప్పుడో పాతినది అనుకునేవాళ్లం. దేవుడికి ఉండాల్సినవన్నీ మాకు అందులోనే కనిపించాయి.

గడ్డపారతో పెకలించి చేటలోకి తోస్తే చేట విరిగింది. సరే, తేరు వద్దు, గుడి చాలనుకున్నాం. ఎండలో దేవుడు మాడిపోతాడని కానుగ చెట్టు నీడకు దొర్లించాం. యాభై అడుగులు ఉంటుందేమో, మాకు సగం రోజు పట్టింది. అవ్వ పసుపు డబ్బా ఖాళీ చేసి రాయికి పూశాను. గన్నేరుపూలు పెట్టాం. బొరుగులూ బెల్లమూ ప్రసాదం. పూజారిని నేనే, ప్రసాదం ఎక్కువ తిన్నదీ నేనే. అంతటితో ఆట అయిపోయింది. రాయిని అక్కడే వదిలేసి ఇంటికి పోయాం.

ఆ ఏడు వానలు లేక కళ్లం తొక్కించింది లేదు, గంపలు దించే పని ఎవరికీ పడలేదు. నాలుగు రోజులకు ఆ దారిన పోయే ముసలామె ఒకామె పసుపు చూసి దండం పెట్టిందట. ఇంకొకామె దీపం పెట్టింది. నెల తిరిగేసరికి కోడి తెగింది. సామి ఎప్పుడూ ఆడనే ఉన్నాడని కొందరు, లేదు నడిచి వచ్చినాడని కొందరు. నడిచి వచ్చినాడన్నవాళ్ల మాటే కాస్త నయం.

మొదట మేం ముగ్గురం మూతికి చేతులడ్డం పెట్టుకొని నవ్వుకున్నాం. పెద్దవాళ్లు దండం పెట్టేకొద్దీ నవ్వు పోయి భయం పట్టుకుంది. చివరికి నేను కూడా ఆ పక్కగా పోతే లెంపలేసుకునేదాన్ని. చిన్నమ్మ పాత చీర చింపి ఆ కానుగ కొమ్మకు ఉయ్యాల గుడ్డ కట్టింది. వాన రాలేదు గానీ, మరుసటి ఏడు చిన్నమ్మకు నెల తప్పింది. ఇంకేముంది, ఆ సామిని పట్టేవాళ్లు లేరు.

మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. మా ఇంట్లో సంగటి ముద్ద చిన్నదైంది. తర్వాత ముద్ద పోయి అంబలి మిగిలింది. ఆ అంబలి కూడా పలచనై గిన్నె అడుగు కనిపించేది. చిన్నమ్మకు అయిదో నెల. అవ్వ తన గిన్నెలోది ఆమె గిన్నెలోకి వంచి, "నాకు ఆకలి చచ్చిపోయింది" అనేది. అవ్వకు కంటికి పొరలు కమ్మి అప్పటికే మనుషులు మసకగా కనిపిస్తున్నారు.

ఒక ఆదివారం పొద్దున చిన్నాయన గడప మీద కూర్చొని తల వంచుకొని చెప్పాడు.

"ఇంగ కాదమ్మా. మందను కల్లావి దారిలో పోచంపల్లి సంతలో అమ్మేస్తాను. దీన్ని కల్లావిలో పుట్టింట్లో దించి, నేను అన్న కాడికి బెంగుళూరు పోతాను. నువ్వూ పాపా కూడా వచ్చేయండి. సంత నాటికి నడిచి చేరాలంటే బేస్తవారం బయలుదేరాల."

"గొర్రెలు పోతే మనం ఎవురమప్పా?" అంది అవ్వ. అతని మోకాలి మీద చెయ్యి వేసి మళ్లీ అంది. "ఉండు. మీ నాయన మూసిన పాతర ఒకటి ఉండాది. ఇంతకంటే చెడ్డ ఏడు వస్తుందేమోనని ఆపుకోని ఉండినాను. ఇదే ఆ ఏడు. కళ్లంలో గుండు కాడ నించి పొద్దు పుట్టే దిక్కుకి పదకొండు బారలు."

చిన్నాయన మొహం వెలిగింది. నేను మాత్రం మెల్లగా చిన్నమ్మ వెనక్కి జరిగాను.

చిన్నాయన ఎప్పుడూ మంద వెంట తిరిగే మనిషి. ఆ గుండు ముందు ఎక్కడుండేదో అతనికేం తెలుసు? అవ్వ చెయ్యి పట్టుకొని తిన్నగా కానుగ చెట్టు కిందికే తీసుకుపోయాడు. అవ్వ వంగి రాయి నెత్తి మీది గుంటలో వేలు పెట్టి చూసింది.

"ఇదే. ఏందప్పా ఈ జిగట?"

"ఇప్పుడు సామి అయినాడు గదమ్మా."

"మంచిదే. మన పాతరకు కాపలా కాసినాడు" అని అవ్వ కళ్లకద్దుకుంది.

రెండు చేతులూ చాపితే ఒక బార. తాడు పట్టుకొని పదకొండు బారలు కొలిచారు. సోమవారం తవ్వారు, గరుసు వచ్చింది. మంగళవారం నాలుగు పక్కలా తవ్వారు, గరుసే వచ్చింది. ఊరంతా గట్టు మీద చేరింది. ముసలామె ఏదో కలగన్నదని ఎవరో అన్నారు. ఊరిలో అవ్వ మాటను అట్లా అనడం నేను వినడం అదే మొదలు. మంగళవారం సాయంత్రం చిన్నాయన పార పడేసి పోయి గొర్రెల మెడల్లో గంటలు విప్పడం మొదలుపెట్టాడు. అమ్మేటప్పుడు గంటలు ఇవ్వరు.

నాకు తెలుసు, పాతర ఎందుకు దొరకడం లేదో. అయినా చెప్పలేదు. దెబ్బలకు భయపడి కాదు, నేను దెబ్బలకు అలవాటుపడ్డదాన్నే. అది దేవుడు కాదు, మేం దొర్లించిన రాయి అని తేలితే చిన్నమ్మ కడుపులో బిడ్డ ఏమైపోతుందోనని నా భయం. రోజూ పొద్దున్నే ఆమె ఆ రాయికి దండం పెట్టి, పొట్ట మీద చెయ్యేసుకొని ఏదేదో చెప్పుకునేది. చెప్పకపోతేనేమో మంద పోతుంది, ఇల్లు చెదిరిపోతుంది.

బుధవారం పొద్దున అవ్వ ఒక్కతే వాకిట్లో కూర్చొని ఉంది. అంబలి ముట్టలేదు. "పదకొండే. పదకొండే చెప్పినాడు" అని తనలో తాను అనుకుంటోంది. ఆ గొంతు విని నేను ఇక ఉండలేకపోయాను. పోయి ఆమె చెవిలో మొత్తం చెప్పేశాను. చేట, గడ్డపార, పసుపు, బొరుగులు, ఏదీ దాచలేదు.

అవ్వ గొంతు తగ్గించి అడిగింది.

"మీ చిన్నమ్మకు చెప్పినావా?"

"లేదవ్వా."

"ఇంకెవురికన్నా?"

"లేదు."

"చెప్పబాకు. ముందు ఈ అంబలి తాగు. తాగి, రాయి మొదట యాడుండెనో ఆడికి నన్ను తోడుకోని పో."

రాయి పెకలించిన చోట చిన్న పల్లం మిగిలే ఉంది, గడ్డి మొలిచి. అవ్వ వేళ్లకు అది తగిలేలా నిలబెట్టాను. అప్పటికి చిన్నాయన వచ్చాడు, చిన్నమ్మ వచ్చింది, వాళ్ల వెనక పదిమంది వచ్చారు. అవ్వ అందరికీ వినిపించేలా చెప్పింది.

"నాకే మతి లేదప్పా. మీ నాయన చెప్పింది గుండు కాడ నించి కాదు, ఈ పల్లం కాడ నించి. సామి ఎప్పుడూ ఆడనే ఉండాడు. ముసలిదాన్ని, నేనే మరిచిపోయినాను."

నేను నోరు తెరిచాను. అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

మళ్లీ పదకొండు బారలు కొలిచారు. మూరెడు లోతులోనే పార బండకు తగిలి ఖంగుమంది. బండ జరిపితే వేడి గాలి ఒకటి మొహానికి కొట్టింది. వెంటనే ఎవరూ దిగకూడదు, ఆ గాలికి మనిషి పడిపోతాడు. లాంతరు తాడు కట్టి దించారు, ఆరిపోయింది. కాసేపాగి మళ్లీ దించారు, మళ్లీ ఆరిపోయింది. మధ్యాహ్నం తిరిగాక దించితే దీపం నిలిచింది. చిన్నాయన దిగి దోసిలి నిండా రాగులు పైకెత్తి చూపించాడు. ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. ఆ సాయంత్రం చేసిన సంగటికి ముగ్గిన వాసన, తడి మట్టి వాసన. అంత రుచిగా నేను మళ్లీ ఎన్నడూ తినలేదు. అవ్వ కూడా ఆ రోజు తన ముద్ద తానే తింది. చిన్నాయన గంటలు తెచ్చి గొర్రెలకు మళ్లీ కట్టాడు. తర్వాత వాన పడేదాకా ఆ రాగులే మమ్మల్ని నిలబెట్టాయి.

చిన్నమ్మకు కొడుకు పుట్టాడు. వాడికి ఆ సామి పేరే పెట్టారు.

అవ్వ సంగతి మాత్రం వేరే అయింది. మరుసటి ఏడు ఇంకొక గట్టు తగాదా వచ్చింది. ఎవరో "అవ్వను అడుగుదాం" అంటే, ఇంకెవరో నవ్వి, "సొంత పాతరే మరిచిపోయిన మనిషి, మన గట్టు గుర్తుంటుందా?" అన్నారు. మా వాకిట్లోకి ఇక ఎవరూ రాలేదు. పెళ్లి వరుసలు అడగడానికి కూడా రాలేదు. అవ్వ సాయంత్రం పూట చేట ముందు పెట్టుకొని వీధిలోకి చెవి పెట్టి కూర్చునేది. అడుగుల చప్పుడు వినిపిస్తే సర్దుకొని కూర్చునేది. ఆ అడుగులు ముందుకు వెళ్లిపోయేవి. చెరిగేందుకు చేటలో ఏమీ ఉండేది కాదు. అది చూసి నేను గోడ పక్కన కూర్చొని ఏడ్చేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక, "పోయి అందరికీ చెప్పేస్తానవ్వా, రాయిని జరిపింది నేనేనని" అన్నాను.

"వద్దు బిడ్డా. నేను పోతే ఊరికి ఇంకో ముసలిది దొరుకుతుంది. మీ చిన్నమ్మకు ఆ సామి పోతే ఇంకెవురుండారు?" అంది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కొని, "మీ చిన్నమ్మ ఉండేదాకా నువ్వు నోరు తెరవబాకు" అని ఒట్టు వేయించుకుంది.

అవ్వ పోయింది. ఊరి నేలంతా ఫ్యాక్టరీల ఎస్టేటుకు పోయింది. చిన్నాయన పోయాడు. ఇళ్లన్నీ కూలగొట్టినవాళ్లు ఆ కానుగ చెట్టునూ రాయినీ మాత్రం వదిలేశారు. ఇప్పుడది గ్రిల్లు వేసిన గుడి. లారీ డ్రైవర్లు టెంకాయ కొట్టి బండి తీస్తారు. ఎక్కడెక్కడి నుంచో పనికొచ్చిన ఆడపిల్లలు, మన భాష రానివాళ్లు కూడా, కొమ్మకు ఉయ్యాల గుడ్డలు కడతారు. చిన్నమ్మ కొడుకే పూజ చేస్తాడు. చిన్నమ్మ పోయిన కార్తీకంలో కన్నుమూసింది. చివరి రోజు కూడా ఆ విభూదే పెట్టించుకుంది.

పాతర అంటే ఏమిటో దానికి చెప్పి, మిగతాదంతా నేను మనసులోనే తిప్పుకుంటుంటే, మనవరాలు ఫోను నా మొహం ముందు పెట్టింది.

"ఇది మన ఊరి గుడే గదా అమ్మమ్మా? వేయేళ్ల నాటిదంట. స్వయంభువు అంట. నిజమేనా? రాసుకోనా?"

నా ఒట్టు చిన్నమ్మతోనే తీరిపోయింది. చెప్పవచ్చు. చెబితే మా అవ్వకు మతి తప్పలేదని ఇన్నాళ్లకు తేలుతుంది. కానీ ఆ కొమ్మకు కట్టిన గుడ్డలు కళ్లముందు కదిలాయి.

"రాసుకో తల్లీ" అన్నాను. "వేయేళ్లు."

అది రాసుకుంది. రాసి, పుస్తకం మూశాక దాన్ని దగ్గరికి పిలిచాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా దాని జుట్టు పక్కకు తీసి, చెవిలోనే చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా. పూజారి బొరుగులు ఎక్కువ తిన్న సంగతితో సహా. అది నవ్వలేదు. వింటూ వింటూ నా చెయ్యి పట్టుకుంది.

నిన్న గ్యాసు మీద పాలు పెట్టి మరిచిపోయాను. పొంగి పొయ్యంతా పారింది. మా అమ్మాయి గుడ్డ తీసుకొని తుడుస్తూ, "మళ్లీ అవ్వ పాతర" అంది.

మనవరాలు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఆమె మరిచిపోలేదమ్మా" అంది.

"నీకెట్ల తెలుసే? ఎవురు చెప్పినారు?"

అది నా వైపు చూడనైనా చూడలేదు.

"సుమ్నే, ఊరికే తెలుసు" అని, పేజీ తిప్పింది.